నేల మనిషి

మా నాన్న ఎడమ కాలికి, మోకాలి కింద జానెడు దూరంలో ఒక మచ్చ ఉండేది. చింతగింజంత పొడుగు, అంతే నునుపు. మా అబ్బాయి చిన్నప్పుడు తాత పక్కన పడుకుని దాన్ని వేలితో రాస్తూ "తాతా, ఇది పాకిస్తానోళ్ళ బుల్లెట్టేనా?" అని అడిగేవాడు. నాన్న అవుననేవారు కాదు, కాదనేవారూ కాదు. "పడుకోరా, పొద్దున్నే లేవాలి" అనేవారు. మూడో తరగతిలో వీడు 'మా తాతయ్య' అని పేజీన్నర వ్యాసం రాస్తే అందులో పేజీ ఆ బుల్లెట్టు గురించే. టీచరమ్మ పక్కన ఎర్ర ఇంకుతో నక్షత్రం వేసింది.

నాన్న 2022 ఆగస్టులో పోయారు. డెబ్బై నాలుగేళ్ళు. పదిహేడేళ్ళు సైన్యంలో, ఇరవై మూడేళ్ళు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి, పద్నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నారు. ఈ మూడింట్లో ఆయనకి బాగా కష్టమనిపించింది ఇంట్లో ఉన్న పద్నాలుగేళ్ళేనని నా అనుమానం.

మాది ఉద్దానం. పలాసలో రైలు దిగి సముద్రం వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, జీడి, నడుమ నడుమ పనస. మొదటిసారి వచ్చినవాళ్ళు "అచ్చం కోనసీమే" అంటారు. కోనసీమకి గోదావరి కాలవలున్నాయి, మాకు ఉన్నవి బావి, వాన. అందుకే మా ఊళ్ళలో మగపిల్లలు మీసం రాగానే బయటికి చూస్తారు. కొందరు హైదరాబాదులో కూలికి, తీరం ఊళ్ళవాళ్ళు గుజరాత్‌లో చేపల వేటకి, మరికొందరు మిలిటరీకి. నాన్న పదకొండో తరగతి తప్పి, ఇంట్లో చెప్పకుండా, 1966లో విశాఖపట్నం వెళ్ళి సెలక్షన్లో నిలబడ్డారు. బరువు చాలలేదట. తూకానికి ముందు అరడజను అరటిపళ్ళు తిని చెంబుడు నీళ్ళు తాగితే ముల్లు అక్కడికి వచ్చి ఆగిందట. సైన్యం గురించి ఆయన తనంతట తాను చెప్పిన కథ ఇదొక్కటే. ఎన్నిసార్లు చెప్పినా అరటిపళ్ళ లెక్క మాత్రం మారేది కాదు.

ఆ ఏడాదే 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని ఊళ్ళన్నీ అట్టుడికాయి. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తంలో ప్రాణాలు పోయినవాళ్ళు 32 మంది అంటారు. ఆ రోజుల్లో నాన్న బెంగళూరులో, అలసూరు చెరువు దగ్గర మద్రాసు శాపర్ల కేంద్రంలో పరేడ్ నేర్చుకుంటున్నారు. తనకి ఇరవై మూడేళ్ళు అన్నం పెట్టబోయే ఫ్యాక్టరీ కోసం జనం రోడ్డెక్కిన సంగతి ఆయనకి ఎన్నో నెలలకి గానీ తెలీదు.

శాపర్ అంటే తుపాకీ కన్నా పార ఎక్కువ పట్టుకునే సిపాయి. వంతెన కట్టాలన్నా, ఉన్న వంతెన పేల్చాలన్నా, మందుపాతర పాతాలన్నా, తియ్యాలన్నా వాళ్ళే. మద్రాసు శాపర్లది 1780 నుంచి ఉన్న దళం. అందులో తెలుగువాడైనా, మలయాళీ అయినా, తమిళుడైనా మిగతా సైన్యానికి అందరూ 'తంబీ'లే. నాన్నకి ఆ పిలుపు ఇష్టం. ఆయన హిందీలో సగం తమిళం, తమిళంలో సగం ఉద్దానం. "ఏట్రా తంబీ, ఠీక్ హై?" అని ఆయన ఒక్క ముక్కలో మూడు రాష్ట్రాలు తిప్పేసేవారు.

అమ్మతో పెళ్ళి 1970 మేలో. నెల తిరక్కుండా సెలవైపోయి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. అమ్మకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. విశాఖ మీద బాంబులు పడతాయని పుకారు పుట్టి, అక్కడున్న అమ్మ పిన్నిగారి కుటుంబం మూటాముల్లె సర్దుకుని పలాస రైలెక్కి వచ్చేసిందట. ఇంట్లో పదిహేనుమంది జనం, ఒక్క పొయ్యి. సాయంత్రమైతే పంచాయతీ రేడియో దగ్గర ఊరంతా. పాకిస్తానోళ్ళ ఘాజీ జలాంతర్గామి విశాఖ దగ్గర మునిగిపోయిందన్న కబురు కూడా అక్కడే విన్నారు. మామ్మ మాత్రం రేడియో దగ్గరికి వెళ్ళేది కాదట. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే పెరట్లోకి వెళ్ళి నిలబడేదట. టెలిగ్రాం అయితే తను చూడకూడదని.

16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. ఊళ్ళో బెల్లం పంచారు. నాన్న దగ్గర్నుంచి మాత్రం ఉత్తరం లేదు. సంక్రాంతి వెళ్ళిపోయింది. పక్క ఊరి కుర్రాడు సెలవు మీద వచ్చి, పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఫిబ్రవరిలో ఒక నీలం ఇన్లాండ్ కవరొచ్చింది. మొత్తం నాలుగు ముక్కలు. నేను క్షేమం, పని ఇంకా ఉంది, సెలవు ఇప్పట్లో లేదు, కపిలావు ఈనిందా?

ఆ ఉత్తరాన్ని అమ్మ యాభై ఏళ్ళు తిట్టింది. "యుద్ధం అయిపోనాది కదా, మరింక పనేటి? ఆవు ఈనిందా అని రాసినోడికి, నువ్వెలాగున్నావే అని రాయడానికి సిరా నేదా?" నాన్న నవ్వేవారు. "మా పని మొదలైందే అప్పుడు" అనేవారు. అంతకుమించి పెగిలేది కాదు.

నాకు గుర్తున్న నాన్న మొదట ఒక నల్ల ట్రంకుపెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. ఏడాదికోసారి ఎడ్లబండి మీద ఆ పెట్టె వచ్చేది, దాని వెనక ఆయన. పెట్టె తెరిస్తే కర్పూరం, బూటు పాలిష్, కొత్త సబ్బు కలిసిన వాసన. మాకు బిస్కెట్లు, అమ్మకి క్యాంటీన్ చీర, ఊళ్ళో పెద్దలకి వాళ్ళు ఎదురుచూసే రమ్ము సీసా. ఆయన మాత్రం తాగేవారు కాదు. రెండు నెలలుండి వెళ్ళేలోపు ఇంట్లో దుప్పట్లన్నీ మిలిటరీ మడతలోకి వచ్చేసేవి. ఆయన వెళ్ళిన మర్నాడే అమ్మ వాటిని మళ్ళీ మామూలుగా చుట్టేసేది.

ఇంకో అలవాటుండేది. గడ్డి ఉన్నచోట, ఆకులు రాలినచోట, తవ్వి పూడ్చినట్టున్న చోట ఆయన అడుగు వేసేముందు చేతిలో ఏదుంటే దానితో నేలని పొడిచి చూసేవారు. గొడుగుంటే గొడుగు, కర్రుంటే కర్ర. గట్టిగా కాదు, వాలుగా, మెత్తగా, అన్నం ఉడికిందా అని గరిటెతో చూసినట్టు. తోటలో మేము పరుగెత్తుతుంటే "నడిచిన చోటే నడవండి" అని అరిచేవారు. పాముల భయం అనుకున్నాం. ఊళ్ళో పిల్లలు ఆయన వెనక పుల్లలు పట్టుకుని నేల పొడుస్తూ నడిచేవాళ్ళు. చూసి కూడా ఏమనేవారు కాదు.

1983లో హవల్దారుగా పింఛను తీసుకుని వచ్చేశారు. రెండేళ్ళు ఊళ్ళోనే ఉండి, మా వాటా పొలంలో నలభై కొబ్బరి మొక్కలు నాటారు. తాడు పట్టి, కొలత కొలిచి, మొక్కకీ మొక్కకీ ఎడం సరిచూసి. మా తోటలో వరస తప్పని చెట్లు అవొక్కటే. 1985లో మాజీ సైనికుల కోటాలో స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగమొచ్చింది.

మేము వెళ్ళేసరికి ఉక్కునగరం ఇంకా సగం గుట్టలు, సగం క్వార్టర్లు. అమ్మకి మొదటి ఏడాదంతా ఏడుపే. నూతిలో చేద వేసి నీళ్ళు తోడుకున్న మనిషికి కుళాయి నీళ్ళు రుచించలేదు. నాన్నకి మాత్రం చేప నీళ్ళలో పడ్డట్టే. సైరను, షిఫ్టు, గేటు, హాజరు, హెల్మెట్టు, బూట్లు. మళ్ళీ ఒకళ్ళు 'ఇక్కడ నిలబడు' అని గీత గీసి చూపించే లోకం దొరికింది.

ఆయన్ని కోక్ ఓవెన్స్‌లో వేశారు. ఉక్కు తయారీలో అందరికీ తెలిసింది బ్లాస్ట్ ఫర్నేస్. దానికి కావలసిన కోక్‌ని వండేది ఇక్కడ. వండటం అన్న మాట నాన్నదే. "మీ అమ్మ గంటలో వండుతుంది, మాకు పదహారు, పద్దెనిమిది గంటలు పడుతుంది" అనేవారు. సన్నగా, లోతుగా గదులు, ఒక్కో బ్యాటరీకి, అంటే ఒక్కో ఓవెన్ల వరసకి, 67. ఎత్తు ఏడు మీటర్లు, దేశంలో అంత ఎత్తు ఓవెన్లు కట్టడం అదే మొదలు. గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గుని మగ్గబెడితే, అందులోని గ్యాసూ తారూ పోయి కోక్ మిగులుతుంది. తలుపు తీసి ఒక పక్క నుంచి తోస్తే రెండో పక్క నుంచి ఎర్రటి గోడ ఒకటి నిలువునా కూలినట్టు పడుతుంది. మొదటి బ్యాటరీ 1989లో మొదలైంది. సీ షిఫ్టు రాత్రుల్లో మేము డాబా ఎక్కి ఆకాశం ఎర్రబడితే "అదిగో నాన్న తోశారు" అనుకునేవాళ్ళం. నాన్న తోసేవారో, తలుపు మసి గోకేవారో మాకేం తెలుసు.

బ్యాటరీ పైన నడవడానికి మామూలు బూటు పనికిరాదు, రబ్బరు మెత్తబడిపోతుంది. అందుకని చెక్క అడుగున్న జోడు వేసుకునేవారు. అరిగిన జోడొకటి ఇంటికి తెచ్చారు. అంగుళం మందం చెక్క, మడమ వైపు బొగ్గయి, పైన తోలు పట్టీ. అమ్మ దాన్ని కొన్నాళ్ళు తలుపుకి అడ్డం పెట్టింది. తర్వాత తమ్ముడు దాన్ని బ్యాటుగా వాడి పక్కింటి అద్దం పగలగొట్టాడు.

ప్లాంట్‌లో నాన్న పేరు 'మిలిటరీ'. "మిలిటరీ వచ్చాడా?" "ఆ పని మిలిటరీకి చెప్పు." ఆయన గ్యాంగులో ఒకాయన ఉండేవారు, ప్లాంటు కోసం భూమి ఇచ్చిన ఊళ్ళలో ఒక ఊరాయన. మా ఇంటికి తరచూ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "మిలిటరీ, నువ్వు రోజూ సైకిలు పెడతావే, సరిగ్గా అక్కడే మా తాటితోపు." మొదటిసారి విన్నప్పుడు నాన్న ఏం మాట్లాడలేదట. మర్నాటి నుంచీ సైకిలు ఇంకోచోట పెట్టడం మొదలెట్టారు. ఆయన చూసి నవ్వి, "అక్కడ మా పెదనాన్న తోపు" అన్నారట. ఈ జోకు వాళ్ళిద్దరి మధ్యా రిటైరయ్యేదాకా నడిచింది. అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేశారు. మేమంతా కొత్త బట్టలేసుకుని వెళ్ళాం. నాన్న రాలేదు, ఆయనది 'ఏ' షిఫ్టు, పొద్దుటి డ్యూటీ. "అందరూ అక్కడికొస్తే ఇక్కడ ఓవెన్లు చూసేదెవరు?" అన్నారు. నిజానికి ఓవెన్లని చల్లారనివ్వకూడదు, పండగైనా, సమ్మె అయినా, తుపానైనా. లోపలి ఇటుకలు పగిలిపోతాయి. ఆ లెక్కన ఆయనకి సరిగ్గా సరిపోయిన ఉద్యోగం అది. సెలవడగడం ఆయనకి చేతకాదు.

ఆదివారం మాత్రం వంటగది ఆయనది. చపాతీలు. గ్లాసుతో కోసినంత గుండ్రం. పెసరపప్పూ శనగపప్పూ కలిపి లంగరు పప్పు, అంటే సైన్యం వంటశాలలో వండే పప్పు, చేసేవారు, యాభై మందికి సరిపడా ఉప్పు పడేది. అమ్మ తన మట్టుకు గంటి అన్నం, పనసపొట్టు కూర పక్కన పెట్టుకుని, "మీ నాన్న పటాలానికి వండినట్టు వండుతాడు" అని మా చేత ఆ చపాతీలు తినిపించేది.

2008లో రిటైరయ్యారు. అప్పటికే కూర్మన్నపాలెం దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాం. మిలిటరీ పింఛను బియ్యానికి, ఫ్యాక్టరీ పింఛను కూరగాయలకి అని అమ్మ లెక్క. కూరగాయల ధర పెరిగిన నెలల్లో ఆ లెక్క తప్పేది.

ఆ మరుసటి ఏడు సేలం నుంచి నాన్న స్నేహితుడొకాయన వచ్చారు. ఇద్దరూ ఒకే బ్యాచి. పొట్టి మనిషి, విపరీతమైన వాగుడు. నాన్న స్నానానికి వెళ్ళిన పావుగంటలో నాకు నలభై ఏళ్ళ కథ చెప్పేశారు, తమిళం, హిందీ, చేతులు అన్నీ కలిపి. 1971లో వాళ్ళు ఉన్నది శకర్‌గఢ్ దగ్గర, బసంతర్ నది ఒడ్డున. జమ్ములో సాంబా పక్కనుంచి వెళ్ళే నది అది. చలికాలం, నదిలో నీళ్ళు తక్కువ, ఒడ్డంతా మనిషెత్తు సర్కండా గడ్డి. దాని అవతల పాకిస్తాన్ వాళ్ళు పాతిన మందుపాతరలు. డిసెంబరు 15 రాత్రి శాపర్లు వాటిలోంచి దారి తియ్యాలి, వెనక మన ట్యాంకులు ఆగి ఉన్నాయి. చీకట్లో బోర్లా పడుకుని, చువ్వతో వాలుగా నేలని పొడుచుకుంటూ, గట్టిగా తగిలితే చేత్తో మట్టి తీసి చూసుకుంటూ, తీసినంత మేర రెండు పక్కలా తెల్ల టేపు పరుచుకుంటూ. పైనుంచి గుళ్ళు పడుతూనే ఉన్నాయి. దారి పూర్తి కాకముందే ట్యాంకులు వెళ్ళిపోయాయి, అవతల ఒడ్డున మనవాళ్ళు చిక్కుకున్నారని. 16న ఆ యుద్ధంలోనే పూనా హార్స్ ట్యాంకుల రెజిమెంటుకి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ చనిపోయారు. ఇరవై ఒక్క ఏళ్ళు. ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు.

"అది ఒక్క రాత్రి," అన్నారు సేలం ఆయన. "తర్వాత నెలలు నెలలు." కాల్పులు ఆగాక అందరూ ఇంటిదారి పడితే, శాపర్లు అక్కడే ఉండిపోయారు. ఎవరో పాతినవి, తాము పాతినవి, అన్నీ తియ్యాలి. పొలాలకి రైతులు తిరిగొస్తున్నారు. ఆవులు తప్పిపోయి మైదానంలోకి వెళ్తున్నాయి. ఒకరోజు నాన్న కళ్ళముందే ఒక ఆవు...

నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చారు. సేలం ఆయన చప్పున మాట మార్చి, ఇడ్లీ మెత్తగా ఉందన్నారు.

ఆ రాత్రి అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అందుకే కావాల, ఆవు గురించి రాసినాడు" అంది. ఆ తర్వాత కూడా ఉత్తరాన్ని తిట్టడం మానలేదు. కాకపోతే సిరా మాట తీసేసింది.

మా అబ్బాయికి మాత్రం సముద్రమే యుద్ధం. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది కదా, అది చూపించమని తాతని లాక్కెళ్ళాడు. లోపల అంతా ఇరుకు, గొట్టాలు, చక్రాలు. వీడు టార్పెడోలు చూస్తుంటే, ఆయన ఒక్కో వాల్వు దగ్గరా ఆగి, పెయింటు ఊడిందా, బోల్టు బిగుతుగా ఉందా అని చూస్తూ వచ్చారు. బయటికొచ్చాక వీడు "తాతా, నువ్వు ఘాజీని చూశావా?" అన్నాడు. "నేను నేల మనిషినిరా, నాకు ఈత కూడా రాదు" అన్నారు. వీడికి ఎంత నిరాశో! అప్పుడే ఆ బుల్లెట్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడనుకుంటా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడింది. చిన్నాన్నకి ఫోను చేస్తే మోగడం లేదు. మూడో రోజు నాన్న, నేను కారులో బయల్దేరాం. ఆయన ఒక రంపం, ఒక కత్తి, నైలాన్ తాడు చుట్టా, పాత తెల్ల పంచెలు రెండు పెట్టుకున్నారు. పంచెలెందుకని అడగలేదు, కట్టుకోవడానికి అనుకున్నాను. పలాస దాటాక కారు ముందుకి పోలేదు. చివరి నాలుగు కిలోమీటర్లు నడిచాం.

ఎలా చెప్పాలి. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టాయి. ఎప్పుడూ నీడలో నడిచిన దారి అది. తల మీద ఎండ పడుతుంటే ఏ ఊరికి వచ్చామో అర్థం కాలేదు. ఊరి మొదట్లో కరెంటు స్తంభాలు విరిగి, తీగలు కొమ్మల కింద ఎక్కడెక్కడ దూరాయో తెలీదు.

నాన్న చిన్నాన్నని పలకరించారు, ఒక లోటా నీళ్ళు తాగారు, పని మొదలెట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ముందు ఒక సన్న కొమ్మ నరికి, చివర చెక్కి, కర్ర చేసుకున్నారు. రోడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి బావికి, అక్కణ్ణుంచి పక్క వీధికి ఆకుల గుట్టల మధ్య ఒక్కో అడుగూ పొడిచి చూసుకుంటూ వెళ్ళారు. వాలుగా. మెత్తగా. తీగ తగిలితే ఆగి, కర్రతోనే పక్కకి జరిపి, అక్కడో గుర్తు. కొమ్మలు కోసి దారి చేశారు. తర్వాత పంచెలు తీసి పేలికలుగా చించి, దారికి రెండు పక్కలా పుల్లలు పాతి కట్టుకుంటూ వచ్చారు.

"అన్నా, కరెంటే నేదు కదా, తీగలకేటి భయం?" అన్నాడు చిన్నాన్న విసుగ్గా. ఆయన తోట పోయిన బాధ ఆయనది.

"ఈయాళ నేదు. రేపు రాత్రి సెప్పకుండా వదిల్తే?"

సాయంత్రానికి మా వీధి పిల్లలంతా ఆ తెల్ల పేలికల మధ్యలోంచే బిందెలు పట్టుకుని బావికి వెళ్ళొచ్చారు. ఒక చిన్నపిల్ల ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళింది. నాన్న అరుగు మీద కూర్చుని ఆ పిల్లనే చూస్తున్నారు. ఆ పూట ఆయన ముఖంలో కనిపించింది బాధ మాత్రం కాదు. చీకటి పడ్డాక, తన నలభై చెట్లలో ముప్ఫై ఏడు పడిపోయాయని చిన్నాన్న చెప్తే "మూడున్నాయి కదా" అన్నారు. మళ్ళీ వేసవి వెళ్ళాక వెళ్ళి పన్నెండు మొక్కలు నాటారు. మా వైపు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ లెక్క ఆయనకి తెలియనిది కాదు.

2021లో ప్లాంటుని ప్రైవేటుపరం చేస్తామన్న ప్రకటన వచ్చాక కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం పెట్టారు. నాన్న రోజూ సాయంత్రం వెళ్ళి ఒక గంట కూర్చునేవారు. నినాదాలు ఇవ్వడం రాదు ఆయనకి. తాటితోపు ఆయన కూడా వచ్చేవారు, పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఒకరోజు నేను తీసుకురావడానికి వెళ్తే, ఆయన నాన్నతో "మా భూమి తీసుకుని మీకిచ్చారు, ఇప్పుడు మీ దగ్గర్నుంచి తీసుకుంటున్నారు, లెక్క సరిపోయింది మిలిటరీ" అంటున్నారు. ఇద్దరూ నవ్వుతున్నారు. టీ చల్లారిపోయింది.

నాన్న పోయినరోజు ఇంటి ముందు మూడు గుంపులు. ఊరివాళ్ళు, కోక్ ఓవెన్స్ వాళ్ళు, మాజీ సైనికులు. ఒకళ్ళు 'పెద్దోడు' అంటున్నారు, ఒకళ్ళు 'మిలిటరీ', ఒకళ్ళు 'హవల్దార్ సాబ్'. సేలం ఆయన రాలేని పరిస్థితి, వీడియో కాల్ చేసి "తంబీ, తంబీ" అని ఏడ్చారు. ఎవరికి వాళ్ళు తమ మనిషి పోయాడనే అనుకుంటున్నారు. అమ్మ మాత్రం వచ్చినవాళ్ళు చెప్పుల్లేకుండా ఎండలో నిలబడ్డారని చాపలు వేయించింది.

తర్వాత కాగితాల పని. కుటుంబ పింఛను అమ్మ పేరుకి మార్చాలి. సైన్యం రికార్డులో అమ్మ పేరు చివర 'అమ్మ' ఉంది, ఆధార్‌లో లేదు. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి. ఒక బ్యాంకులో మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి కౌంటర్లో అబ్బాయి "ఈవిడా ఆవిడా ఒకరేనని ఏం రుజువు?" అన్నాడు. అమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "యాభై రెండేళ్ళు కాపురం సేసినాను బాబూ, నీకింక ఏటి సూపించాల?" అంది. పాపం, కుర్రాడు లేచి కుర్చీ ఇచ్చాడు. పని మాత్రం అవలేదు. డిశ్చార్జి బుక్కు తెమ్మన్నాడు.

ఆ రాత్రి ట్రంకుపెట్టె దింపాం. అడుగున అమ్మ బొత్తాల డబ్బా, అందులో బొత్తాలతో కలిసి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. వాటి కింద డిశ్చార్జి బుక్కు, అట్ట మెత్తబడిపోయి. మా అబ్బాయి అప్పటికి ఇంటర్ రెండో ఏడు. వాడే దీపం కింద పెట్టుకుని చదివాడు. చేరిన తేదీ, ఎత్తు, ఛాతీ. నడవడిక దగ్గర 'ఎగ్జెంప్లరీ' అని ఒక్క మాట. భార్య పేరు దగ్గర మా గొడవకి కారణమైన ఆ 'అమ్మ'. ఒక పేజీ వెనక్కి తిప్పి, చేరినప్పుడు రాసుకున్న గుర్తింపు చిహ్నాల దగ్గర వీడు ఆగిపోయాడు.

"అమ్మా, ఎడమ కాలి మీద పాత గాయం మచ్చ అని ఉంది. ఇది 1966లో రాసింది కదా?"

"అయితే?"

"యుద్ధం 71లో."

అమ్మమ్మ వైపు తిరిగాడు. అమ్మ బొత్తాలు ఏరుకుంటోంది, తల ఎత్తలేదు.

"జీడిచెట్టు మీంచి పడినాడు. పదేళ్ళప్పుడు. జీడిపిక్కలు దొంగతనానికి ఎక్కితే కుక్క మొరిగిందట. మీ తాతకి కుక్కంటే మా భయం."

"మరి తాత నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు బుల్లెట్టా అని అడిగినావు. కుక్కా అని అడిగితే సెప్పును."

వీడు ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఎందుకురా అని అడిగాను. లైటు ఆర్పేస్తూ, "పడుకోమ్మా, పొద్దున్నే బ్యాంకుకెళ్ళాలి" అన్నాడు.